లాగడం సరే, ఆపడమో?

ఎండలు ముదరకముందే డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళలో ఒక హడావిడి మొదలవుతుంది. ఒకాయన పడవ కొంటాడు, లేక్ టెక్సోమాకి తీసుకుపోవాలి. ఇంకొకరు పడకలు, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్న ట్రావెల్ ట్రైలర్ కొంటారు, పిల్లలకి సెలవులిచ్చేలోగా సిద్ధం చెయ్యాలి. ఇవేవీ అక్కర్లేదనుకున్నవాళ్ళు కూడా పెరట్లోకి మట్టి, బెరడు తోలుకోవడానికి చిన్న తొట్టి ట్రైలర్ ఒకటి తెచ్చుకుంటారు. తెచ్చాక దాన్ని ఇంటి ముందు పెట్టకూడదని కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. ఆ గొడవ ఇవాళ్టి ప్రసంగంలోకి రాదు లెండి.

ఇవాళ మాట్లాడేది పికప్ ట్రక్కుకి ట్రైలర్ వైరింగ్ వేసుకోవడం గురించి, బ్రేక్ కంట్రోలర్ బిగించుకోవడం గురించి. ట్రక్కు కొనేటప్పుడు మనం అడిగే ప్రశ్న ఒక్కటే, ఎంత లాగుతుంది అని. డీలర్ కూడా ఆ అంకె ఒక్కటే చెబుతాడు. పదకొండు వేల పౌన్లు లాగుతుందండీ అంటాడు, మనం మురిసిపోతాం. అంత బరువుని ఆపేదేమిటని అడిగినవాళ్ళని నేనైతే చూడలేదు. లాగే బలం ఇంజిన్‌తోపాటే వస్తుంది. ఆపే బలం మాత్రం ఒక నీలం తీగ వెంట వెనక్కి వెళ్ళాలి. ఆ తీగ చాలా ట్రక్కుల్లో ఉండదు, లేదా సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. మామూలు హాఫ్ టన్ పికప్, మనుషులతో సామానుతో కలిపి ఆరు వేల పౌన్లు అనుకోండి. వెనక రెండు యాక్సిళ్ళ ట్రైలర్, నీళ్ళూ వంటసామానూ నింపాక ఐదున్నర వేలు. ట్రక్కు బ్రేకులు చేసింది ట్రక్కు బరువు కోసం. ట్రైలర్‌కి బ్రేకు లేకపోతే ఆ ఐదున్నర వేలూ వెనక నుంచి తోస్తూనే ఉంటాయి. తిన్నని రోడ్డు మీదయితే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, అంతటితో పోతుంది. వంపులోనో, తడి రోడ్డు మీదో అయితే ట్రైలర్ ట్రక్కు తోకని పక్కకి నెట్టేసి, రెండూ మడత కత్తిలా ముడుచుకుపోతాయి. టెక్సస్ చట్టం మొత్తం బరువు 4,500 పౌన్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులుండాలంటుంది. చాలా రాష్ట్రాల్లో ఆ గీత 3,000 దగ్గరే ఉంటుంది. కనక పక్క రాష్ట్రానికి వెళ్ళేవాళ్ళు అక్కడి నియమం కూడా చూసుకోవాలి.

బ్రేకులతోపాటు లైట్లూ ఎందుకు కావాలో మనలో పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రిపూట చెరకు లోడు ట్రాక్టర్ వెనక, టెయిల్ లైటు లేని తొట్టి చివరిదాకా కనపడక గుండె జారిన అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది. ఇక్కడి హైవే మీద డెబ్భై మైళ్ళ వేగంలో మన వెనక వచ్చేవాడికి ఆ అనుభవం కలిగించకూడదు. అందుకే ముందు లైట్ల సంగతి.

చిన్న ట్రైలర్లకి నాలుగు తీగల చదునైన ప్లగ్ ఉంటుంది. తెలుపు ఎర్తు. గోధుమ రంగు వెనక వెలిగే టెయిల్ లైట్లకి. పసుపు ఎడమ ఇండికేటరుకి, ఆకుపచ్చ కుడి ఇండికేటరుకి. బ్రేకు లైటుకి వేరే తీగ లేదేమిటని అడగొచ్చు. అమెరికా ట్రైలర్‌లో ఒకే ఎర్ర దీపం రెండు పనులూ చేస్తుంది. బ్రేకు తొక్కితే నిలకడగా వెలుగుతుంది, ఇండికేటరు వేస్తే మిణుకుమంటుంది. మీ బండి వెనక ఇండికేటరు విడిగా పసుపుపచ్చగా వెలిగే రకమైతే, ఆ రెండు సంకేతాలనీ ఒకే తీగలోకి కలిపే చిన్న కన్వర్టర్ పెట్టె మధ్యలో రావాలి. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకునే రకం కన్వర్టర్ కొనుక్కోండి, నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే. ట్రైలర్ దీపాల భారం అప్పుడు ట్రక్కు సొంత సర్క్యూట్ మీద పడదు. ఇప్పటి ట్రక్కుల్లో లైట్లని నడిపేది కంప్యూటరు, అది అదనపు భారాన్ని సహించదు.

బ్రేకులున్న ట్రైలర్‌కి నాలుగు తీగలు చాలవు. ఏడు పిన్నుల గుండ్రటి ప్లగ్ కావాలి. పై నాలుగింటికి తోడు బ్రేకులకి నీలం తీగ, ట్రైలర్ బ్యాటరీని ఛార్జి చేసే పన్నెండు వోల్టుల తీగ, నడిమధ్యలో రివర్సు లైటు తీగ వస్తాయి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. తీగల రంగులకి దేశమంతా ఒకే పద్ధతి లేదు. సామాను మోసే ట్రైలర్లలో గోధుమరంగు తీగ టెయిల్ లైటుది, ఆకుపచ్చ కుడి ఇండికేటరుది. పడకల ట్రైలర్లు తయారుచేసేవాళ్ళ పద్ధతిలో ఇది తలకిందులు. వాళ్ళకి ఆకుపచ్చ టెయిల్ లైటు, గోధుమరంగు కుడి ఇండికేటరు. రంగుకి రంగు కలుపుకుంటూ పోయినవాళ్ళకి కుడివైపు ఇండికేటరు వేస్తే ట్రైలర్ చుట్టూ ఉన్న దీపాలన్నీ మిణుకుమిణుకుమంటాయి, పెళ్ళివారి పందిరిలాగా. రంగు మారినా ప్లగ్‌లో పిన్ను స్థానం మారదు. కాబట్టి రంగు చూసి కలపకండి. మీటరు పట్టుకుని, ట్రక్కులో ఒకరిని కూచోబెట్టి, ఒక్కొక్క సంకేతం వేయించి, ఏ పిన్నులో పన్నెండు వోల్టులు వస్తున్నాయో చూసి రాసుకోండి. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను గానీ, ఆ బొమ్మ ప్రతి ప్లగ్ డబ్బా మీదా ఉంటుంది. ట్రక్కు వైపు నుంచి చూసిన బొమ్మా, ట్రైలర్ వైపు నుంచి చూసిన బొమ్మా అన్నది మాత్రం గమనించుకోవాలి. రెండూ అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారుగా ఉంటాయి.

పైకి దీపాల జబ్బులా కనిపించేదాంట్లో ఎక్కువ భాగం నిజానికి ఎర్తు జబ్బే. ఒక లక్షణం చెబుతాను, గుర్తుపెట్టుకోండి. హెడ్‌లైట్లు వేసి ఎడమ ఇండికేటరు వేస్తారు. ఎడమ దీపం ఒక్కటే మిణుకుమనే బదులు, కుడివైపు దీపం కూడా గుడ్డిగా కొట్టుకుంటూ ఉంటుంది. బల్బు మారుస్తారు, తగ్గదు. ఫ్యూజు మారుస్తారు, తగ్గదు. తెల్లతీగ చివర చూస్తే రంగు వేసిన ఇనుము మీద స్క్రూ బిగించి ఉంటుంది, కింద తుప్పు. తిరిగి వెళ్ళడానికి దారి లేని కరెంటు పక్క దీపం గుండా దారి వెతుక్కుంటోందన్నమాట. రంగు గీకి, ఇనుము తళతళలాడేదాకా రుద్ది, పళ్ళవాషర్ పెట్టి బిగించి, పైన గ్రీజు పూస్తే సరి. ట్రైలర్‌కీ ట్రక్కుకీ మధ్య హిచ్ బంతి తగులుతోంది కదా, అదే ఎర్తు అవుతుందిలే అనే వాదన కూడా విన్నాను. ఆ బంతి మీద గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది, గతుకులో ఎగిరెగిరి పడుతుంది. దాన్ని నమ్ముకోకండి. తెల్లతీగ ట్రైలర్ చట్రం దాకా పోవాలి.

ఇక బ్రేకు. ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త నిదానంగా చెబుతాను.

ట్రైలర్ చక్రం ఊడదీసి డ్రమ్ము లాగి చూడండి. లోపల కారు డ్రమ్ము బ్రేకులో ఉన్నట్టే రెండు షూలుంటాయి. కానీ వాటిని తోసే నూనె సిలిండరు ఉండదు. దాని బదులు కిందివైపు, మన అరచేతిలో పట్టేంత విద్యుదయస్కాంతం ఒక కడ్డీ చివర వేలాడుతూ ఉంటుంది. దాని ఎదురుగా డ్రమ్ము లోపలి ముఖం నున్నగా మెరుస్తూ తిరుగుతూ ఉంటుంది. కంట్రోలర్ కరెంటు పంపగానే అయస్కాంతం ఆ ముఖానికి అతుక్కుంటుంది. డ్రమ్ము తిరుగుతోంది కాబట్టి అయస్కాంతాన్ని తనతోపాటు ఈడ్చుకుపోవాలని చూస్తుంది. ఆ ఈడ్పుకి కడ్డీ వంగి షూలని బయటికి తోస్తుంది, బ్రేకు పడుతుంది. అంటే ట్రైలర్‌ని ఆపే బలం ట్రైలర్ చక్రాల పరుగులోంచే వస్తోంది, కరెంటు చేసేది ఆ బలాన్ని పిలవడమే. అందుకే అంత బరువుని ఆపడానికి చక్రానికి మూడు ఆంపియర్లు, కాస్త అటూ ఇటూగా, సరిపోతాయి. నాలుగు చక్రాలకి పన్నెండు, పదమూడు.

ఈ రకం బ్రేకులని మార్కెట్‌లోకి తెచ్చినవాడు ఆర్థర్ ప్రాట్ వార్నర్. విస్కాన్సిన్‌లోని బెలాయిట్ ఊరు. అప్పటికే కారు స్పీడోమీటర్లు చేసి డబ్బు గడించాడు. 1909లో కర్టిస్ విమానం ఒకటి కొనుక్కుని, నేర్పేవాళ్ళు లేకపోయినా ఎగిరి చూశాడు. తర్వాత 1920ల చివర్లో విద్యుత్ బ్రేకుల కంపెనీ పెట్టాడు. వేగం కొలిచినవాడూ, వేగాన్ని ఆపినవాడూ ఒకడే కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఆ అయస్కాంతానికి ఎంత కరెంటు ఎప్పుడు పంపాలో నిర్ణయించేదే బ్రేక్ కంట్రోలర్. డ్రైవరు మోకాలి దగ్గర, డ్యాష్‌బోర్డు కింద బిగించే చిన్న పెట్టె. ఇందులో రెండు రకాలు. చవకది కాలం లెక్కన పనిచేస్తుంది. మీరు పెడల్ మీద కాలు పెట్టగానే, మెల్లిగా తొక్కినా గట్టిగా తొక్కినా, ముందే పెట్టిన కొలత దాకా కరెంటుని పెంచుకుంటూ పోతుంది. రెండోదాని లోపల వేగం తగ్గుదలని పసిగట్టే సెన్సరు ఉంటుంది. ట్రక్కు ఎంత గట్టిగా ఆగుతోందో చూసి ట్రైలర్ బ్రేకుకి అంతే పంపుతుంది. నా అభిప్రాయం అడిగితే, ట్రైలర్ కొన్న డబ్బులో ఇది ఏ మూలకీ రాదు, రెండో రకమే కొనండి. కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగే బండికి మొదటి రకం వద్దు.

కంట్రోలర్ నుంచి నాలుగు తీగలు బయటికొస్తాయి. తెలుపు ఎర్తుకి. నలుపు బ్యాటరీ నుంచి నేరుగా, మధ్యలో సర్క్యూట్ బ్రేకర్‌తో. రెండు యాక్సిళ్ళ దాకా ఇరవై ఆంపియర్ల బ్రేకర్, మూడు యాక్సిళ్ళయితే ముప్ఫై. ఫ్యూజు కాకుండా, తనంతట తాను మళ్ళీ కలుసుకునే బ్రేకర్ ఎందుకంటే, కొండ దిగుతుండగా ఫ్యూజు పోతే మార్చుకునే తీరిక ఉండదు. నీలం తీగ వెనక ప్లగ్‌కి. నలుపు, నీలం రెండూ కనీసం పన్నెండు గేజీ ఉండాలి, పది అయితే ఇంకా మంచిది. గేజీ అంకె తగ్గేకొద్దీ తీగ లావు పెరుగుతుంది. సన్నతీగ వేస్తే ఏమవుతుందంటే, ముందు పన్నెండు వోల్టులు బయల్దేరి, ఇరవై అడుగులు పోయేసరికి పదో పదకొండో మిగులుతాయి, బ్రేకు మెత్తగా పడుతుంది.

నాలుగోది ఎరుపు, చిక్కుముడి అంతా దీనిదే. బ్రేకు పెడల్ తొక్కిన సంగతి కంట్రోలర్‌కి చెప్పేది ఇదే. పెడల్ దగ్గరున్న స్విచ్చిలో, కాలు వేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైపు తీగకి దీన్ని కలపాలి. కలిపేముందు ఒక పరీక్ష చెయ్యండి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునే హజార్డ్ స్విచ్చి వేసి, ఆ తీగని మీటరుతో చూడండి. మీటరు కూడా కొట్టుకుంటుంటే అది మీకు పనికొచ్చే తీగ కాదు. దానికి కలిపితే హజార్డ్ లైట్లు వేసినప్పుడల్లా ట్రైలర్ బ్రేకులు పట్టి వదులుతూ ఉంటాయి. ఇంకో మాట, కొత్త ట్రక్కుల్లో బల్బుతో చేసిన పాతకాలపు టెస్టు లైటు గుచ్చకండి. అది లాగే కరెంటుకి కంప్యూటర్ పాడయ్యే ప్రమాదం ఉంది. మీటరు వాడండి.

ఇదంతా విని భయపడనక్కర్లేదు. టోయింగ్ ప్యాకేజీతో వచ్చిన ట్రక్కయితే చాలాసార్లు డ్యాష్ కింద ఒక ఖాళీ సాకెట్ సిద్ధంగా ఉంటుంది. మీ మోడల్‌కి తగిన జత తీగ కొని ఇటూ అటూ గుచ్చితే పావుగంటలో పని అయిపోతుంది. కొన్నింట్లో కంట్రోలర్ కూడా ఫ్యాక్టరీలోనే వస్తుంది. సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొన్నవాళ్ళు మాత్రం ఏడు పిన్నుల సాకెట్ కనపడగానే అన్నీ ఉన్నాయనుకోకండి. కొన్ని పాత ట్రక్కుల్లో ఛార్జి తీగ ఇంజిన్ దాకా వచ్చి, ఫ్యూజు పెట్టెకి తగిలించకుండా మడతపెట్టి వదిలేసి ఉంటుంది. వెనక సాకెట్ చూస్తే నిండుగా ఉంటుంది, లోపల ప్రాణం ఉండదు. ప్రతి పిన్నునీ మీటరుతో చూడమనేది అందుకే.

ఏ ఏర్పాటూ లేని ట్రక్కయితే తీగని బ్యాటరీ దగ్గరనుంచి క్యాబిన్‌లోకి, అక్కడినుంచి వెనక బంపర్ దాకా లాక్కోవాలి. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్యనున్న ఇనప గోడకి ఎక్కడో ఒక రబ్బరు బిరడా ఉంటుంది, పాత తీగలన్నీ దాని గుండానే వస్తాయి. బట్టలు తగిలించే ఇనప హ్యాంగరుని సాగదీసి, మొనకి తీగని టేపుతో చుట్టి, ఆ బిరడా అంచులోంచి తోయండి. కొత్త బెజ్జం వేస్తే దాని అంచు తీగ తొడుగుని కోస్తుంది, అక్కడా రబ్బరు వెయ్యాలి. కిందినుంచి పోయేటప్పుడు సైలెన్సరు గొట్టానికి జానెడు దూరమైనా ఉంచండి. ఇక తీగకి తీగ కలపడానికి షాపులో అమ్మే ఆ నీలం, ఎరుపు ప్లాస్టిక్ క్లిప్పులున్నాయి చూశారూ, తీగని కొరికి పట్టుకునేవి, వాటిని బండి కిందికి రానివ్వకండి. లోపలి పోగులు సగం తెగుతాయి, తడి చేరుతుంది, రెండో వానాకాలానికి పచ్చటి చిలుము పడుతుంది. టంకం వేసో, గట్టిగా క్రింప్ చేసో, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి.

బిగించడం అయ్యాక అసలు ట్యూనింగ్. ముందు చదునైన ఖాళీ స్థలం చూసుకోండి, ఆదివారం ఉదయం ఆఫీసుల పార్కింగ్ అయితే బాగుంటుంది. ట్రైలర్‌లో మామూలుగా ఉండే బరువంతా ఉంచండి. నాలుగైదుసార్లు మెల్లిగా ఆపి బ్రేకుల్ని కాస్త వేడెక్కించండి. తర్వాత గంటకి పాతిక మైళ్ళ వేగంలో, పెడల్ ముట్టుకోకుండా కంట్రోలర్ మీదున్న చేతి మీటని పూర్తిగా నొక్కండి. ట్రైలర్ మాత్రమే బ్రేకు వేస్తుంది. అది ట్రక్కుని వెనక్కి పట్టి గుంజుతున్నట్టు అనిపించాలి, చక్రాలు మాత్రం బిగుసుకుపోయి ఈడ్చుకురాకూడదు. బిగుసుకుంటే గెయిన్, అంటే కంట్రోలర్ పంపే కరెంటు కొలత, తగ్గించండి, ఏమీ తెలియకపోతే పెంచండి. లోడు మారితే ఇది మళ్ళీ చేసుకోవాలి. ఖాళీ ట్రైలర్‌కి పెట్టిన అంకె నిండు ట్రైలర్‌కి పనికిరాదు.

అయస్కాంతాలకి కరెంటు చేరుతోందా లేదా అని అనుమానం వస్తే ఒక చిట్కా ఉంది. ఎవరినైనా పెడల్ తొక్కమని, పిల్లల దిక్సూచిని చక్రం లోపలివైపు డ్రమ్ము దగ్గర పెట్టి చూడండి. ముల్లు చటుక్కున తిరుగుతుంది. తిరగని చక్రం దగ్గర తీగ తెగినట్టు.

ఆ చేతి మీట ట్యూనింగ్‌కే కాదు. పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడో, పక్కనుంచి కొట్టే గాలికో ట్రైలర్ తోక ఊగడం మొదలుపెడుతుంది. మన కాలు వెంటనే పెడల్ మీదకి పోతుంది. అలా చేస్తే ఊపు పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, మీటని మెత్తగా నొక్కితే ట్రైలర్ వెనక్కి గుంజుకుని దారికి వస్తుంది. టర్నర్ ఫాల్స్‌కి పోతూ ఐ-35 మీద ఆర్బకుల్ కొండలు ఎక్కి దిగేవాళ్ళు, అమరిల్లో పక్కన పాలో డ్యూరో లోయలోకి దిగేవాళ్ళు ఇంటి దగ్గరే ఆ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి పోయేదాకా అలవాటు చేసుకోవాలి. లోయలోకి దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూచోకుండా గేరు తగ్గించుకోండి. విద్యుత్ బ్రేకులు కూడా వేడెక్కితే పట్టు వదులుతాయి.

పడవలవాళ్ళకి ఒక్క మాట. పడవ ట్రైలర్‌ని నీళ్ళలోకి దింపుతారు కాబట్టి చాలావాటికి ఈ అయస్కాంతం బ్రేకులుండవు. ట్రైలర్ ముందుకి తోసుకొచ్చే బలంతోనే నూనెని నొక్కి పనిచేసే సర్జ్ బ్రేకులుంటాయి, వాటికి కంట్రోలర్ అక్కర్లేదు. ఐదో తీగ మాత్రం కావాలి, రివర్సు చేసేటప్పుడు బ్రేకు పట్టకుండా ఆపడానికి. నీళ్ళలోకి దింపే ముందు ప్లగ్ ఊడదీస్తే వేడి బల్బులు చల్లనీళ్ళకి పగలకుండా ఉంటాయి.

చివరిగా బ్రేక్‌అవే స్విచ్చి. ట్రైలర్ ముందుభాగంలో ఒక చిన్న స్విచ్చి, దాంట్లో ఒక పిన్ను, పిన్నుకి సన్నని ఉక్కు తాడు. ట్రైలర్ ఎలాగో ఊడిపోతే తాడు పిన్నుని లాగేస్తుంది, ట్రైలర్ మీది బ్యాటరీ తన బ్రేకుల్ని తానే వేసుకుంటుంది. ఆ తాడుని ట్రక్కు చట్రానికి తగిలించాలి. హిచ్ బంతి కమ్మీకో, సేఫ్టీ గొలుసుకో తగిలిస్తే, ఊడిపోయేది అదే అయినప్పుడు తాడు కూడా దాంతోనే పోతుంది. పరీక్ష చేసేటప్పుడు ముందు ఏడు పిన్నుల ప్లగ్ ఊడదీయండి, లేకపోతే కరెంటు ఎదురు తన్ని కంట్రోలర్ పాడవుతుంది. తర్వాత పిన్ను లాగి, ట్రక్కుని అంగుళం అంగుళం ముందుకి కదపండి. ట్రైలర్ కదలకుండా పట్టాలి. చూసిన వెంటనే పిన్ను మళ్ళీ గుచ్చేయండి, అలాగే వదిలేస్తే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది, అయస్కాంతాలు కాలిపోతాయి. కొత్త బ్రేకులయితే మొదటి 200 మైళ్ళ తర్వాత షూలు ఒకసారి బిగించుకోవాలి. ఆ తర్వాత ప్రతి 3,000 మైళ్ళకీ చూసుకుంటే చాలు.